స్పృహలేని రోగి, వైద్య పరిశోధన - మన బాధ్యత

మానవ ప్రాణం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ఒక ప్రాణాన్ని అన్యాయంగా తీయటం సమస్త మానవాళిని చంపటంతో సమానమని, ఒక ప్రాణాన్ని నిలబెట్టటం సమస్త మానవాళిని నిలబెట్టటంతో సమానమని దివ్య ఖుర్ఆన్ (అల్ మాయిదా: 32) బోధిస్తుంది. ఈ బోధన మనందరికీ తెలిసిందే. కానీ ప్రాణం నిలబెట్టే దారి ఏదో తెలియనప్పుడు ఏం చేయాలి? ఆ సంగతి మనం అంతగా ఆలోచించం.

రోడ్డు ప్రమాదంలో తలకు బలమైన దెబ్బ తగిలి స్పృహ కోల్పోయిన ఒక మనిషిని ఆసుపత్రికి తెచ్చారనుకోండి. అతనికి ఇవ్వదగిన మందు ఒకటుంది. అది మేలు చేస్తుందో కీడు చేస్తుందో వైద్యులకే ఇంకా తేలలేదు. తేల్చుకోవటానికి పరిశోధన జరుగుతోంది. ఆ పరిశోధనలో ఇతణ్ణి చేర్చుకోవచ్చా? అతను సరే అనలేడు, వద్దనీ అనలేడు. బయట వరండాలో అతని భార్యో, అన్నో ఏడుస్తూ నిలబడి ఉన్నారు. వారి ముందు ఒక కాగితం పెట్టి సంతకం చేయమంటున్నారు. గడియారం ఆగదు. ఇలాంటప్పుడు ధర్మం ఏమిటి?

'మనిషి మీద ప్రయోగమా! అది ఎంతమాత్రం కూడదు' అని కొందరు వెంటనే అంటారు. 'వైద్యులకు తెలియదా? వారి ఇష్టానికి వదిలేయాలి' అని మరికొందరంటారు. ఈ రెండు మాటలూ తొందరపాటు మాటలే. కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

తలకు గాయమైన ఒక సహాబీ

హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. కొందరు సహచరులు ప్రయాణంలో ఉండగా వారిలో ఒకరికి రాయి తగిలి తల పగిలింది. ఆ తర్వాత ఆయనకు గుస్ల్ చేయవలసిన పరిస్థితి ఏర్పడింది. తయమ్ముమ్ చేసుకోవచ్చా అని ఆయన తోటివారిని అడిగారు. నీళ్ళు అందుబాటులో ఉన్నాయి గనుక ఆ వెసులుబాటు లేదని వారు చెప్పారు. ఆయన స్నానం చేశారు. ఆ గాయంతోనే మరణించారు. ఈ సంగతి విని దైవప్రవక్త (సఅసం) తీవ్రంగా ఆగ్రహించారు. వారే అతణ్ణి చంపారన్నారు. తెలియనప్పుడు ఎందుకు అడగలేదని నిలదీశారు. అజ్ఞానమనే రోగానికి మందు అడిగి తెలుసుకోవటమేనని బోధించారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. సలహా ఇచ్చినవారు చెడ్డవారు కారు. వారి నియ్యత్ మంచిదే. ధర్మాన్ని కాపాడాలన్నదే వారి తాపత్రయం. అయినా ఒక ప్రాణం పోయింది. మంచి ఉద్దేశం ఉన్నంత మాత్రాన తెలియని విషయాన్ని తెలిసినట్లు చెప్పే హక్కు ఎవరికీ రాదు. తెలియని దాని వెంట పడవద్దని, చెవినీ, కంటినీ, హృదయాన్నీ గురించి ప్రశ్నించటం జరుగుతుందని ఖుర్ఆన్ (బనీ ఇస్రాయీల్: 36) హెచ్చరిస్తున్నది.

ముప్పై ఏళ్ళ నమ్మకం

ఇదే తల గాయం విషయంలో మన కాలంలో జరిగిన ఒక ఉదాహరణ చూడండి. తలకు దెబ్బ తగిలితే మెదడు వాస్తుంది. స్టెరాయిడ్ మందులు వాపును తగ్గిస్తాయి. కాబట్టి స్టెరాయిడ్ ఇస్తే రోగి బతుకుతాడన్నది ఎంతో సహజంగా తోచే ఆలోచన. ఈ ఆలోచనతోనే ముప్పై ఏళ్ళకు పైగా ఎన్నో దేశాల్లో వైద్యులు తల గాయాలకు ఆ మందులు వాడారు. కొందరు మాత్రం వాడలేదు. ఇద్దరిలో ఎవరిది సరైన పద్ధతో చెప్పగల గట్టి ఆధారం ఎవరి దగ్గరా లేదు.

చివరకు 'క్రాష్' అనే పేరుతో ఒక పెద్ద పరిశోధన చేపట్టారు. 49 దేశాల్లోని 239 ఆసుపత్రుల్లో, గాయమైన ఎనిమిది గంటల లోపు వచ్చిన 10,008 మంది రోగులను చేర్చుకున్నారు. సగం మందికి మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఎక్కించారు. మిగతా సగం మందికి మందు లేని ద్రవం ఎక్కించారు. మిగిలిన చికిత్స అంతా అందరికీ మామూలుగానే జరిగింది. 20 వేల మందిని చేర్చుకోవాలన్నది మొదటి ఆలోచన. కానీ లెక్కలను మధ్యలో పరిశీలిస్తూ వచ్చిన స్వతంత్ర కమిటీ సూచనపై 2004లో దాన్ని ఆపేశారు. ఎందుకంటే రెండు వారాల లోపు మరణించినవారు స్టెరాయిడ్ పొందిన వర్గంలో నూటికి 21.1 మంది, పొందనివారిలో 17.9 మంది. అంటే ఆ మందు ప్రతి వంద మందిలో ముగ్గురి ప్రాణాలను అదనంగా బలిగొంటున్నదన్నమాట.

పాఠకులు కాస్త ఆగి ఆలోచించాలి. ఆ ముప్పై ఏళ్ళలో ఆ మందు ఇచ్చిన వైద్యులలో చాలామంది దయగలవారే. మందు ఎక్కించి, రోగి బాగుపడాలని కోరుకున్నవారే. ఒక్కొక్క వైద్యుడు తన రోగులను మాత్రమే చూస్తాడు. తల గాయంతో వచ్చినవారిలో కొందరు మందు ఇచ్చినా చనిపోతారు, కొందరు ఇవ్వకపోయినా బతుకుతారు. నూటికి ముగ్గురి తేడాను ఏ ఒక్కరి అనుభవమూ పట్టుకోలేదు. వేల మందిని లెక్కించినప్పుడే అది బయటపడింది.

కాబట్టి 'మనిషి మీద ప్రయోగం కూడదు' అనేవారిని ఒక మాట అడగాలి. రుజువు లేని మందును ముప్పై ఏళ్ళు ఇవ్వటం ప్రయోగం కాదా? అదీ ప్రయోగమే. లెక్క రాయని ప్రయోగం, దాని నుండి ఎవరూ ఏమీ నేర్చుకోలేని ప్రయోగం.

మందు ఎవరికి, ఎలా?

సగం మందికి మందు, సగం మందికి కాదు అన్నప్పుడు 'అది ఎవరు నిర్ణయిస్తారు?' అన్న సందేహం కలుగుతుంది. వైద్యుడు నిర్ణయించడు. అతను ఎంచుకుంటే తెలియకుండానే బలంగా ఉన్నవారిని ఒక వైపుకూ, బలహీనులను మరో వైపుకూ చేర్చే ప్రమాదముంది. అందుకే చీటీ వేసినట్లుగా నిర్ణయం జరుగుతుంది. ఇందులో ధనికుడు, పేదవాడు అన్న తేడా ఉండదు. సమాన హక్కు ఉన్నవారి మధ్య ఎంపిక చేయవలసి వచ్చినప్పుడు చీటీ వేయటం మనకు కొత్త కాదు. దైవప్రవక్త (సఅసం) ప్రయాణానికి వెళ్ళేటప్పుడు సతీమణులలో ఎవరిని వెంట తీసుకెళ్ళాలో చీటీ వేసి నిర్ణయించేవారని హదీసులు తెలుపుతున్నాయి. హజ్రత్ మర్యమ్ (అలై) సంరక్షణ బాధ్యత ఎవరిదన్నది తేల్చటానికి కలాలు వేసి చూసిన సంగతి ఖుర్ఆన్ (ఆలి ఇమ్రాన్: 44)లో ఉంది.

అదే పద్ధతిలో జరిగిన రెండవ పరిశోధన ఫలితాలు 2010లో వెలువడ్డాయి. ఈసారి ప్రశ్న రక్తస్రావం గురించి. ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మందు 1960లలోనే జపాన్‌లో ఒకామోటో దంపతులు కనుగొన్నది. ఖరీదైనది కాదు. ప్రమాదంలో గాయపడి రక్తం కోల్పోతున్నవారికి ఇది పనికొస్తుందా అని 40 దేశాల్లోని 274 ఆసుపత్రుల్లో 20,211 మందిపై పరిశీలించారు. వారిలో మన దేశస్థులు నాలుగు వేలకు పైగా ఉన్నారు. మందు పొందినవారిలో మరణాలు నూటికి 14.5, పొందనివారిలో 16. మరుసటి ఏడాది మరింత లోతుగా చూస్తే, గాయమైన మూడు గంటల లోపు ఇస్తేనే మేలు జరుగుతుందని, ఆ తర్వాత ఇస్తే రక్తస్రావంతో మరణించే ముప్పు పెరగవచ్చని కూడా తేలింది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గాయాల రక్తస్రావానికి ఈ మందును అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

అంటే మేలు చేస్తుందని నమ్మిన మందు చంపుతున్నదని ఒక పరిశోధన తేల్చింది. ఎన్నో ఏళ్ళుగా అలమారాలో ఉన్న చవక మందు ప్రాణం నిలబెడుతుందని మరొకటి తేల్చింది. అడగకపోతే ఈ రెండూ తెలిసేవి కావు. సమాజంలో కొందరైనా పూనుకోకపోతే అందరూ దోషులయ్యే పనిని మనం ఫర్జె కిఫాయా అంటాం. నా దృష్టిలో ఇలాంటి పరిశోధన ఆ కోవకు చెందినదే.

మరి చనిపోయినవారి మాటేమిటి?

అసలైన కష్టమైన ప్రశ్న ఇది. మొదటి పరిశోధనలో స్టెరాయిడ్ పొంది చనిపోయినవారిలో కొందరు ఆ మందు లేకుంటే బతికేవారు. వారి మరణానికి బాధ్యులెవరు?

పరిశోధన లేకపోతే, స్టెరాయిడ్ మామూలుగా వాడే ఆసుపత్రుల్లో వారందరికీ ఆ మందే ఎక్కేది. పరిశోధన వల్ల సగం మందికైనా అది తప్పింది. కాబట్టి పరిశోధకులు వారిని అదనపు ప్రమాదంలోకి నెట్టారని అనలేం. అయితే ఈ లెక్క ఆ కుటుంబాలకు ఓదార్పు కాదు. ఎవరి తండ్రి చనిపోయాడో వారికి నూటికి ఎన్ని అన్నది అర్థంలేని మాట. అందుకే ఈ పనికి గట్టి షరతులు ఉండాలి.

మొదటి షరతు: సందేహం నిజమైనదై ఉండాలి. ఒక చికిత్స మేలైనదని తెలిసి కూడా, పోల్చి చూడటం కోసం దాన్ని కొందరికి ఆపటం పరిశోధన కాదు, ద్రోహం. సుమారు 925లో మరణించిన మహా వైద్యుడు అబూబక్ర్ అర్రాజీ మెదడు పొరల వాపు రోగులలో కొందరికి రక్తం తీసి, కొందరికి కావాలనే తీయకుండా ఉంచి ఫలితాన్ని పోల్చినట్లు తన 'అల్ హావీ' గ్రంథంలో రాసుకున్నారు. పోల్చి చూడాలన్న ఆలోచన ఆ కాలానికి ఎంతో గొప్పది. కానీ ఆయన మనసులో సందేహమే ఉండి ఉంటే ఆ పని సబబు. రక్తం తీస్తేనే బతుకుతారన్న నమ్మకం ఉండి కూడా కొందరిని వదిలేసి ఉంటే, ఎంత గొప్పవారు చేసినా దాన్ని సమర్థించలేం. పైకి చూస్తే ఒకే పని. మనసులోని నమ్మకాన్ని బట్టి అది న్యాయమో అన్యాయమో అవుతుంది. నిజానికి ఆ వ్యాధికి రక్తం తీయటం మంచిది కాదని నేటి వైద్యం చెబుతున్నది.

రెండవ షరతు: అందుబాటులో ఉన్న మంచి చికిత్సను ఆపకూడదు. అమెరికాలో 1996 నాటి నిబంధనల ప్రకారం కొన్ని కఠిన షరతులతో, స్పృహలేని రోగులను ముందస్తు అనుమతి లేకుండా అత్యవసర పరిశోధనల్లో చేర్చుకోవచ్చు. ఆ నిబంధన కిందే 'పాలీహీమ్' అనే కృత్రిమ రక్తాన్ని అంబులెన్సుల్లో గాయపడినవారికి ఎక్కించి చూశారు. 2006 నాటికి ఆ పరిశోధన ముగిసింది. అంబులెన్సులో రక్తం దొరకదు కాబట్టి అక్కడ దాన్ని ప్రయత్నించటంలో అర్థముంది. కానీ ఆసుపత్రికి చేరాక, నిజమైన రక్తం సిద్ధంగా ఉన్నా, పన్నెండు గంటల వరకు కృత్రిమ రక్తమే కొనసాగించారు. దీనిపై తీవ్ర విమర్శలు వచ్చాయి. ఆ మందుకు చివరకు అనుమతి కూడా లభించలేదు. ఆసుపత్రి గుమ్మం దగ్గరే ధర్మం మారిపోయింది. గుమ్మం బయట అది అవసరం. గుమ్మం లోపల అది రోగి హక్కును కాజేయటం.

మూడవ షరతు: అడగటం. బుఖారీ గ్రంథంలో హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం ఒకటుంది. దైవప్రవక్త (సఅసం) చివరి అస్వస్థతలో ఉన్నప్పుడు ఇంటివారు ఆయన నోటిలో ఒక పక్క నుంచి మందు పోశారు. వద్దని ఆయన సైగ చేశారు. రోగికి మందంటే సహజంగా ఉండే అయిష్టమే అనుకుని వారు ఆగలేదు. తేరుకున్న తర్వాత ఆయన (సఅసం) వద్దని చెప్పలేదా అని వారిని ప్రశ్నించారు. ఆ సమయంలో అక్కడ లేని హజ్రత్ అబ్బాస్ (రజి) తప్ప ఇంట్లో ఉన్న వారందరికీ అదే మందు పోయాలని ఆదేశించారు.

ఎంత ప్రేమతో చేసినా, రోగి మాటను తోసిపుచ్చి చేసే చికిత్సకు జవాబు చెప్పుకోవలసి ఉంటుందని దీనివల్ల తెలుస్తున్నది. స్పృహ ఉన్న రోగిని తప్పక అడగాలి. లేనివాని తరఫున అతని మేలుకోరే బంధువును అడగాలి. బంధువులెవరూ లేరు, క్షణం ఆలస్యమైతే ప్రాణం పోతుందన్నప్పుడే, ఆసుపత్రికి సంబంధంలేని వారు కూడా ఉన్న ఎథిక్స్ కమిటీ ముందుగా ఆమోదించిన పద్ధతిలో వైద్యుడు ముందుకు వెళ్ళాలి. రోగి కళ్ళు తెరిచాక అతనికి జరిగినదంతా చెప్పాలి. 'ఇక చాలు' అనే హక్కు అతనికి ఉండాలి. మాట్లాడలేనంత మాత్రాన హక్కు పోదు. అది అతను మేల్కొనే వరకు మన దగ్గర అమానతుగా ఉంటుంది.

అడగటమంటే కాగితం నింపటం కాదు. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నిరోధానికి వేసే టీకాపై ఒక అధ్యయనం మొదలైంది. సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు టీకాలు వేశారు. వారిలో చాలామంది పేదలు, గిరిజనులు. కొందరు బాలికల మరణాల తర్వాత 2010లో దాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం భావించింది. ఆ టీకాను నేడు అనేక దేశాల్లో ఇస్తున్నారు కూడా. కానీ అనుమతి తీసుకున్న తీరు సిగ్గుచేటు. హాస్టళ్ళలో ఉన్న పిల్లల తరఫున తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. మందు మంచిదే కావచ్చు. అడగకుండా ఇచ్చినప్పుడు ఆ మంచి కూడా మచ్చపడుతుంది.

అబద్ధపు సాక్ష్యం

నాలుగవ షరతు: నిజం చెప్పటం. దైవప్రవక్త (సఅసం) ఘోర పాపాలను వివరిస్తూ ఆనుకుని కూర్చున్నవారు లేచి నిటారుగా కూర్చుని, అబద్ధపు సాక్ష్యం గురించి మళ్ళీ మళ్ళీ హెచ్చరించారు. కోర్టులో చెప్పేదే సాక్ష్యమని మనం అనుకుంటాం. వైద్య పత్రికలో అచ్చయ్యే పరిశోధన పత్రం కూడా సాక్ష్యమే. దాని మీద ఎన్నో ప్రాణాల తీర్పు ఆధారపడి ఉంటుంది.

జర్మనీకి చెందిన జోకిమ్ బోల్ట్ అనే మత్తు వైద్యుడు ఆపరేషన్లలో, అత్యవసర చికిత్సలో నరానికి ఎక్కించే ఒక రకం స్టార్చ్ ద్రవం గురించి అనేక పత్రాలు రాశారు. 2010లో ఆయన మోసం బయటపడింది. మరుసటి ఏడాది ఆయన రాసిన ఎనభైకి పైగా పత్రాలను వైద్య పత్రికలు వెనక్కి తీసుకున్నాయి. 2013లో కొందరు పరిశోధకులు ఆయన రాతలను పక్కనపెట్టి మిగతా ఆధారాలన్నీ కలిపి చూశారు. ఆ ద్రవం తీవ్ర అస్వస్థతలో ఉన్నవారిలో మరణాలనూ, మూత్రపిండాల దెబ్బనూ పెంచుతున్నట్లు తేలింది. కల్పిత లెక్కలు నిజాన్ని అన్నేళ్ళు కప్పి ఉంచాయి. కలంతో చేసిన ఈ పాపం కత్తితో చేసిన పాపానికి ఏమి తీసిపోతుంది?

అబద్ధం రాయటమే కాదు, తేలిన నిజాన్ని దాచటమూ నేరమే. మందు పనిచేయలేదన్న ఫలితాన్ని సొరుగులో పడేస్తే, అదే మందును మరొక ఊరిలో మరొకరు వాడుతూనే ఉంటారు. రోగి తన శరీరాన్ని ఇచ్చి సంపాదించిపెట్టిన జ్ఞానం అది. దాన్ని దాచే హక్కు కంపెనీకీ లేదు, వైద్యునికీ లేదు.

ఒక్క రోగి కథ

వేల మంది అవసరం లేకుండా ఒక్క రోగి కథ కూడా కొన్నిసార్లు దారి చూపుతుంది. వెయ్యేళ్ళ క్రితం అందలూసియాలో జీవించిన అబుల్ ఖాసిమ్ అజ్జహ్రావీ తన 'అత్తస్రీఫ్' గ్రంథంలో అలాంటిది ఒకటి రాశారు. ఒక దాసి కత్తితో తన గొంతు కోసుకుంది. శ్వాసనాళం కొంత తెగింది. ఆయన వెళ్ళి చూసి గాయాన్ని కుట్టారు. గొంతు బొంగురుపోవటం తప్ప ఆమెకు మరే హానీ మిగలలేదు. శ్వాసనాళానికి కోత పడినంత మాత్రాన ప్రాణం పోదని ఆయన దాని నుండి గ్రహించారు. ఆ తర్వాతి శతాబ్దంలో ఇబ్నె జుహ్ర్ ఇదే విషయాన్ని ముందుగా ఒక మేక మీద పరీక్షించి, అది కోలుకున్నట్లు రాశారు. నేడు ఊపిరాడని రోగికి గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం అమర్చే చికిత్స అందరూ ఎరిగినదే.

అజ్జహ్రావీ విజయాలు మాత్రమే రాయలేదు. శరీర నిర్మాణం తెలియని వైద్యులు రక్తనాళాన్ని కోసి రోగి ప్రాణం తీసిన సంఘటనలు కూడా తన శస్త్రచికిత్స భాగం ముందుమాటలోనే రాశారు. వైద్యం తెలియకుండా వైద్యం చేసి హాని కలిగించినవాడు దానికి పూచీ పడాలన్న హదీసు బోధన ఇక్కడ గుర్తుకొస్తుంది.

అయితే ఈ వైద్యులు రాసినది రోగం గురించి. రోగిని బజారుకెక్కించలేదు. గొంతు కోసుకున్న ఆ దాసి ఎవరో నేడు మనకు తెలియదు, ఆమె గాయం మాత్రం ఎందరికో పాఠమైంది. నేడు ప్రమాదంలో పడినవారి ముఖాలు, తెగిన అవయవాలు నిమిషాల్లో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. 'సమాచారం కోసం' అంటారు. ఇందులో ఎవరికి ఏ జ్ఞానం కలుగుతుంది? తోటివాని లోపాన్ని కప్పినవానిని అల్లాహ్ కప్పుతాడన్న బోధ మనకుంది. గాయపడి నిస్సహాయంగా పడి ఉన్నవాని పరువు కప్పటం కూడా అందులోదే. రోగి కథ రాయాలంటే అతని అనుమతి కావాలి. అతణ్ణి గుర్తుపట్టే ఆనవాళ్ళు తీసేయాలి.

మన ఇళ్ళల్లో చేయవలసినది

మన కుటుంబంలో ఎవరినైనా ఆసుపత్రిలో పరిశోధనలో చేర్చుకుంటామని అడిగితే భయపడి పారిపోనక్కరలేదు, కళ్ళు మూసుకుని సంతకం పెట్టనూ కూడదు. 'ఇది మామూలు చికిత్సా, పరిశోధనా? చేరకపోతే ఏ చికిత్స ఇస్తారు? ఇందులో ప్రమాదమేమిటి? హాని జరిగితే బాధ్యత ఎవరిది?' అని అడగండి. మీకు తెలిసిన భాషలో, తెలుగులోనో ఉర్దూలోనో వివరించమనండి. వద్దనే హక్కు, చేరిన తర్వాత కూడా మధ్యలో మానుకునే హక్కు మీకున్నాయి. వద్దన్నందుకు మామూలు చికిత్స ఆపకూడదు. పరిశోధన వల్ల హాని జరిగితే ఉచిత చికిత్స, నష్టపరిహారం ఇవ్వాలని మన దేశంలో 2019 నాటి నిబంధనలు చెబుతున్నాయి. అన్నీ విన్న తర్వాత సరేననిపిస్తే, ముందుతరాల వారికి మేలు కలగాలన్న నియ్యత్‌తో సంతకం చేయండి. ప్రయోజనకరమైన జ్ఞానం మరణానంతరం కూడా పుణ్యం చేరవేస్తుందని మనం నమ్ముతాం.

రోడ్డు మీద గాయపడినవాణ్ణి చూసినప్పుడు పోలీసు కేసుకు భయపడి ముఖం తిప్పుకోకండి. సహాయం చేసినవారిని వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనూ వారికి రక్షణ కల్పించారు. పరిశోధకులు ఇరవై వేల మందిని చూసి మూడు గంటల విలువ తేల్చారు. ఆ మూడు గంటల్లో మొదటి గంట ఆసుపత్రి చేతిలో ఉండదు, దారినపోయే మన చేతిలో ఉంటుంది.

ఇక, మనకు ఇచ్చే ప్రతి మంచి ఇంజెక్షన్ వెనుక, స్పృహలేని స్థితిలో తమ శరీరాన్ని పరీక్షకు ఇచ్చిన, మనకు పేరు తెలియని మనుషులున్నారు. వారిలో ఏ మతస్థులు, ఏ దేశస్థులు ఉన్నారో మనకు తెలియదు. వారి రుణం మన మీద ఉంది. ఆ రుణం తీరాలంటే వైద్యుడు నిజం చెప్పాలి, రోగి ధైర్యంగా అడగాలి, చూసినవాడు ఆగి సహాయం చేయాలి.

తెలియనిది తెలియదని ఒప్పుకునే వినయాన్ని, తెలుసుకునే ఓపికను, తెలిసిన నిజాన్ని దాచకుండా చెప్పే ధైర్యాన్ని అల్లాహ్ మన వైద్యులకూ మనందరికీ ప్రసాదించుగాక! ఆసుపత్రుల్లో ఉన్న రోగులందరికీ స్వస్థత చేకూర్చుగాక! ఆమీన్.